తైచీ నెమ్మదించిన కాలం

మోకాళ్ళు పట్టేసినవాళ్ళు, పెద్ద జబ్బు చేసి లేచినవాళ్ళు, ఏళ్ళ తరబడి కుర్చీకి అతుక్కుని పనిచేసి ఒంట్లో సత్తువ అడుగంటిందని గుర్తించినవాళ్ళు తైచీ వైపు చూస్తారు. చూసిన మొదటిరోజే వాళ్ళకో కథ వినబడుతుంది. ఇది వేల ఏళ్ళనాటి విద్య, కొండల్లో తపస్సు చేసుకునే తావో యోగులు కనిపెట్టింది, ఒకప్పుడు మహావీరుల చేతుల్లో ఉండేది, మనబోటివాళ్ళం దాని అంచు తాకినా చాలు అని. ఆ మాటతో కొత్తవాడు ఒదిగిపోతాడు. తాను చేసేది అసలు విద్యకి నీళ్ళు కలిపిన రూపమని, అసలుది ఎక్కడో చైనా పల్లెల్లో ఉందని ముందే ఒప్పేసుకుంటాడు. చరిత్ర తిరగేస్తే ఈ అంచనా నిలవదు. ఆరోగ్యం కోసం, గుంపుగా, మొదటినుంచి చివరిదాకా ఒకే నిదానంతో చేసే తైచీ దాదాపు 1912కీ 1956కీ మధ్య రూపు కట్టింది. గురువుల ధ్యానం కన్నా వాళ్ళ ఎదుట నిలబడ్డ శిష్యుల అవసరమే దాన్ని ఎక్కువగా మలచింది. ఆ శిష్యుల్లో గుమాస్తాలు, బడిపంతుళ్ళు, విద్యార్థులు, క్షయరోగులు, నడివయసులో మొదలుపెట్టినవాళ్ళు ఉన్నారు. తైచీ ఇవాళున్న తీరు కొత్తవాడి చలవే అని నా వాదన.

దీనికి మొదటి అభ్యంతరం ఝాంగ్ సాన్‌ఫెంగ్ పేరుతో వస్తుంది. వుడాంగ్ కొండల్లో ఉండే ఆ తావో యోగి తైచీకి ఆదిగురువని చైనాలో లక్షలమంది నమ్ముతారు. ఆ పేరుని ఒక యుద్ధవిద్యతో ముడిపెట్టిన తొలి రాత 1669 నాటిది. హువాంగ్ జొంగ్‌షి అనే పండితుడు వాంగ్ ఝెంగ్‌నాన్ అనే వీరుడి సమాధి కోసం రాసిన లేఖనం అది. యోగికి కలలో దేవుడు కనబడి విద్య నేర్పాడనీ, తెల్లారి ఒక్కడే వందమందికి పైగా దొంగల్ని మట్టుబెట్టాడనీ అందులో ఉంది. తైచీ అన్న మాట మాత్రం లేదు. రాసినాయన కూలిపోయిన మింగ్ రాజవంశానికి విధేయుడు, మంచూ పాలకులంటే పడనివాడు. బయటినుంచి వచ్చిన బౌద్ధానికి చెందిన షావోలిన్ విద్య కన్నా చైనా నేలలో పుట్టిన తావో విద్య గొప్పదని చెప్పడంలో రాజకీయం ఉందని తర్వాతి పరిశోధకులు చాలామంది అన్నారు. బోధిధర్ముడి కథ కూడా ఇలాంటిదే. 'సెవెంత్ సెన్స్' సినిమా పుణ్యమా అని, కంచి నుంచి వెళ్ళిన మనవాడే చైనావాళ్ళకి యుద్ధవిద్య నేర్పాడని తెలుగువాళ్ళలో చాలామంది గట్టిగా చెప్పగలరు. ఆయనకి అంటగట్టిన కండరాల కసరత్తు గ్రంథం పదిహేడో శతాబ్దపు రచన. దానికి పాతకాలం వాడు రాసినట్టున్న పీఠిక కూడా కల్పితమే. న్యాయశాస్త్రం చదివిన టాంగ్ హావ్ అనే చరిత్రకారుడు 1930లో ఒక చిన్న పుస్తకంలో ఈ రెండు కథల్నీ సాక్షుల్ని అడ్డప్రశ్నలు వేసినట్టు నిలదీశాడు. రెండూ నిలబడలేదు. దేశాభిమానం ఉప్పొంగుతున్న రోజుల్లో ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో ఊహించుకోవచ్చు.

టాంగ్ హావ్ ఊరికే కథలు కూల్చి ఊరుకోలేదు. హెనాన్ రాష్ట్రంలో, పసుపు నది దగ్గర్లోని వెన్ జిల్లా చెన్ కుటుంబాల పల్లెకి వెళ్ళి వంశావళి చూశాడు. మింగ్ రాజ్యం కూలే రోజుల్లో సైనికుడిగా బతికిన చెన్ వాంగ్‌టింగ్ పదిహేడో శతాబ్దంలో ఈ విద్యకి మూలం వేశాడని తేల్చాడు. పక్కనే ఉన్న ఝావోబావ్ ఊరివాళ్ళు ఇందుకు ఒప్పుకోరు, తమకి వేరే గురుపరంపర ఉందంటారు. ఆ తగువు సంగతి ఎలా ఉన్నా, చెన్ పల్లె భంగిమల పేర్లు మాత్రం ఇంకో పుస్తకంలో దొరుకుతాయి. జపాన్ సముద్రపు దొంగల్ని ఎదుర్కొన్న సేనాని చి జిగువాంగ్ 1560 ప్రాంతంలో సైనిక శిక్షణ మీద ఒక గ్రంథం రాశాడు. అందులో ఒట్టి చేతులతో పోరాడే ముప్ఫై రెండు భంగిమలున్నాయి. ఇవాళ ఏ పార్కులో చూసినా కనబడే 'ఒంటి కొరడా' వాటిలో ఒకటి. నాకు ఆ భంగిమల కన్నా వాటి ముందు సేనాని పెట్టిన మాట ఆసక్తిగా అనిపిస్తుంది. పెద్ద యుద్ధాల్లో ఈ పిడికిలి విద్య పెద్దగా అక్కరకు రాదని ఆయనే ఒప్పుకున్నాడు. కాళ్ళూ చేతులూ ఆడించి ఒంటిని కష్టానికి అలవాటు చేయడానికి, ఆయుధాలు పట్టబోయే కొత్తవాడికి తలుపు తీయడానికి ఇది పనికొస్తుందని రాశాడు. అంటే తైచీకి దూరపు పూర్వీకుడైన ఆ అధ్యాయం కూడా కొత్తవాడి దేహదారుఢ్యం పేరు చెప్పుకునే మొదలైంది. ఈ ముక్కని అవసరానికి మించి లాగకూడదు. ఆయన మనసులో ఉన్న కొత్తవాడు ఈటె పట్టబోయే పడుచు సిపాయి. మనం మాట్లాడుకుంటున్న మోకాళ్ళ నొప్పి మనిషి కాడు. చెన్ పల్లెలోనూ అంతే. కుర్రాళ్ళు చిన్ననాటినుంచి బాగా కిందికి కూర్చుని చేసే నడకలు నేర్చేవాళ్ళు. నిదానంగా సాగుతూ హఠాత్తుగా విసురుగా మారే దెబ్బలుండేవి, కాలితో నేలని గట్టిగా తొక్కడాలు, గాల్లోకి ఎగరడాలు ఉండేవి. ఆ ఇళ్ళలో కొందరు వర్తకుల సరుకుకి కాపలాగా వెళ్ళి పొట్టపోసుకునేవాళ్ళు. పక్క ఊరివాడు నలభై ఏళ్ళకి వచ్చి ఒళ్ళు బాగు చేసుకుంటానంటే నేర్పే ఏర్పాటు అక్కడ లేదు.

పంతొమ్మిదో శతాబ్దంలో ఈ విద్య పల్లె దాటింది. హెబెయ్ ప్రాంతపు యోంగ్‌నియన్ నుంచి వచ్చిన యాంగ్ లుచాన్ (1799–1872) చెన్ చాంగ్‌షింగ్ దగ్గర ఏళ్ళ తరబడి నేర్చుకుని బీజింగ్ చేరాడు. అక్కడ మంచూ దొరల ఇళ్ళలో నేర్పాడు, ఓటమి ఎరగనివాడని పేరు తెచ్చుకున్నాడు. ఆయన ఊరివాళ్ళే అయిన వు కుటుంబం చదువుకున్న భూస్వాములది. వాళ్ళలో ఒక అన్నగారు ఒక ఉప్పుకొట్లో తైచీ గురించిన పాత రాతప్రతి దొరికిందన్నాడు. మేనల్లుడు లి యియూ 1881లో ఆ రచనలకి తన మాటలు చేర్చి మూడు ప్రతులు చేత్తో రాశాడు. ఉప్పుకొట్టు కథని నమ్మాలో వద్దో పండితులు ఇంకా తేల్చుకోలేదు. నా వాదనకి ఇక్కడ ఒక గట్టి అడ్డంకి ఉంది. ఆ రచనల్లో ఒక పాట, ఈ సాధన అంతిమ లక్ష్యం ఏమిటని అడిగి ఆయుష్షు, ముసలితనం లేని యవ్వనం అని జవాబు చెబుతుంది. అంటే ఆరోగ్యం గురి ఇరవయ్యో శతాబ్దానికి ముందే ఉంది కదా అని ఎవరైనా అడగవచ్చు. ఇంకా వెనక్కి వెళ్తే, చాంగ్‌షా దగ్గర మావాంగ్‌దుయ్‌లో క్రీస్తుపూర్వం 168లో మూసిన సమాధిలో ఒక పట్టు వస్త్రం దొరికింది. దాని మీద కసరత్తు చేస్తున్న నలభై నాలుగు బొమ్మలున్నాయి. ఒంటిని వంచి ఊపిరిని నడిపే వ్యాయామం చైనాలో రెండు వేల ఏళ్ళ కిందటే ఉందన్నది నిజం. అయితే కోరిక పాతదైనంత మాత్రాన పద్ధతి పాతది కాదు. పట్టుబట్ట మీది బొమ్మలు తైచీ చేయడం లేదు. పాట రాసినవాళ్ళు దీర్ఘాయుష్షు కోరారు గానీ, ఒంట్లో బలం లేని మామూలు మనిషిని తెచ్చి నిలబెట్టి ఎలా నేర్పాలో చెప్పలేదు. ఆ రాతప్రతులు చదవగలిగినవాళ్ళు కూడా బహు కొద్దిమంది. కోరిక పద్ధతిగా మారడానికి ఇంకో యాభై ఏళ్ళు, ఒక జాతి పడ్డ అవమానం కావలసివచ్చాయి.

1895లో చైనా జపాన్ చేతిలో ఓడింది. 1900లో తమ పిడికిలి ముందు తుపాకి గుళ్ళు పనిచేయవని నమ్మిన రైతు యువకులు ఎనిమిది దేశాల సైన్యాల ముందు నేలకొరిగారు. 1901లో విలువిద్యలో, కత్తిసాములో పరీక్ష పెట్టి సైనికాధికారుల్ని ఎంచే పాత ఏర్పాటుని ప్రభుత్వం రద్దు చేసింది. రైళ్ళూ బ్యాంకులూ వచ్చాక సరుకు వెంట కాపలా వెళ్ళే కంపెనీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. యుద్ధవిద్య గురువులకి తరతరాలుగా ఉన్న జీవనాధారం ఒక తరంలోనే పోయింది. అదే సమయంలో నగరాల్లో చదువుకున్నవాళ్ళ నోట ఒక మాట నానింది. చైనా తూర్పు ఆసియా రోగిష్ఠి, దేశం బలపడాలంటే ముందు మనిషి ఒళ్ళు బలపడాలి అని. పని పోయిన గురువుకీ ఒళ్ళు బలపడాలనుకున్న గుమాస్తాకీ ఒకరి అవసరం మరొకరికి పడింది. 1910లో షాంఘైలో హ్వో యువాన్‌జియా అనే వీరుడి పేరుతో జింగ్‌వు సంఘం పుట్టింది. 1912లో షు యూషెంగ్ బీజింగ్‌లో వ్యాయామ పరిశోధన సంఘం పెట్టి యాంగ్ లుచాన్ మనవలనీ, వు జియాన్‌చువాన్, సున్ లుటాంగ్ అనే గురువులనీ ఒకే కప్పు కిందికి తెచ్చాడు. గురువు ఇంటికి వెళ్ళి మోకరిల్లి దీక్ష తీసుకునే రోజులు పోయి, పేరు రాయించుకుని తరగతికి వెళ్ళే రోజులొచ్చాయి. 1921లో సున్ లుటాంగ్, షు యూషెంగ్ ఇద్దరూ తైచీ మీద పుస్తకాలు అచ్చువేశారు. ఇంచుమించు ఆ కాలంలోనే మన దేశంలో జరిగింది గుర్తుచేసుకుంటే ఇది చైనాకే పరిమితం కాదని తెలుస్తుంది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు తన సర్కస్‌తో ఊరూరా దేహబలం చూపించి దేశాభిమానం రగిలించాడు. ఔంధ్ సంస్థానాధీశుడు సూర్యనమస్కారాల్ని బడిపిల్లల కసరత్తుగా ప్రచారం చేశాడు. 1930లలో మైసూరు ప్యాలెస్‌లో కృష్ణమాచార్య యోగాసనాల్ని కుర్రాళ్ళ తరగతికి తగ్గట్టు మలిచాడు. అణిగిన జాతులు తమ పాత సాము గరిడీల్లో కొత్త ఆరోగ్యం వెతుక్కున్న కాలం అది.

ఈ మార్పుకి అన్నిటికన్నా స్పష్టమైన సాక్ష్యం ఒకే ఇంటి ఇద్దరు అన్నదమ్ములు. యాంగ్ లుచాన్ మనవల్లో పెద్దవాడు షావ్‌హౌ (1862–1930), చిన్నవాడు చెంగ్‌ఫు (1883–1936). ఒకే వంశం, ఒకే విద్య. షావ్‌హౌ తైచీలో కదలికలు చిన్నవి, వేగం ఎక్కువ, దెబ్బ చురుకు. శిష్యుడి మీద చూపించేటప్పుడు కూడా చేతిని అదుపు చేసుకునేవాడు కాడట. ఆ దెబ్బలకి ఓర్చుకుని నిలిచినవాళ్ళు కొద్దిమంది. ఇవాళ ఆయన పేరు తెలిసినవాళ్ళూ కొద్దిమందే. చెంగ్‌ఫు భారీ మనిషి. మొదట్లో ఆయన చేసే వరసలోనూ విసురులుండేవి. నేర్పుతూ నేర్పుతూ వాటిని ఒక్కొక్కటే సాఫు చేశాడు. గెంతులు తీసేశాడు, తన్నుల్ని నిదానం చేశాడు, భంగిమల్ని పెద్దవిగా విప్పాడు, మొదటి అడుగునుంచి చివరిదాకా వేగం మారకుండా చూశాడు. 1920ల చివర్లో దక్షిణానికి, షాంఘైకి వచ్చేసరికి ఆయన విద్య ఎవరైనా మొదలుపెట్టగలిగినట్టు ఉంది. 1925లో శిష్యుడు చెన్ వెయ్‌మింగ్ వేసిన పుస్తకంలో ఆయన ఫోటోలు వచ్చాయి. 1934లో ఆయన పేరుతోనే పుస్తకం వచ్చింది. ఫోటో అన్నది కదలికని ఆపి చూపించే సాధనం కాబట్టి భంగిమలకి లెక్కా, హద్దులూ, నికరమైన ఆకారమూ ఏర్పడ్డాయి. చెంగ్‌ఫు అన్నకన్నా గొప్పవాడా అంటే ఆ ఇంటి శిష్యులే తల అడ్డంగా ఊపేవాళ్ళేమో. కానీ ఇవాళ భూమ్మీద ఎక్కువమంది చేసే తైచీ తమ్ముడిది. పోరాటంలో గెలిచిన పద్ధతి కొద్దిమందికే మిగిలి, కొత్తవాడికి అందిన పద్ధతి నిలిచింది. ఇది పతనమని వాపోయేవాళ్ళున్నారు. నాకు మాత్రం ఇందులో ఒక గురువు తన ఎదుటివాళ్ళని చూసి నేర్చుకున్న జాణతనం కనబడుతుంది.

ఆ ఎదుటివాళ్ళలో జబ్బుమనుషులు తక్కువేం కాదు. వాళ్ళలో పేరుమోసినవాడు ఝెంగ్ మాన్‌చింగ్ (1902–1975). చిత్రకారుడు, కవి, సంప్రదాయ వైద్యుడు. పడుచుతనంలోనే క్షయ పట్టుకుని నెత్తురు కక్కే స్థితిలో తైచీ మొదలుపెట్టాడు, తర్వాత చెంగ్‌ఫు దగ్గర చేరాడు. క్షయకి మందులేని కాలం అది. ఆయన కోలుకున్నాడు కాబట్టి తైచీ క్షయని నయం చేస్తుందని అనడం తప్పవుతుంది. అలా కోలుకోని వాళ్ళ కథలు ఎవరూ పుస్తకాల్లో రాయలేదు. చరిత్రకి పనికొచ్చే సంగతి వేరే ఉంది. రోగిగా వచ్చిన మనిషి ఈ పరంపరలోకి వచ్చి, గురువుగా మారి, దాని ఆకారాన్నే మార్చాడు. జపాన్‌తో యుద్ధం సాగుతున్న రోజుల్లో కొద్ది వ్యవధిలో ఎక్కువమందికి నేర్పవలసివచ్చినప్పుడు, గురువు నేర్పిన నూటికి దగ్గరైన భంగిమల్లోంచి మళ్ళీ మళ్ళీ వచ్చేవాటిని తీసేసి ముప్ఫై ఏడుకి కుదించాడు. తైవాన్ చేరాక, 1964 నుంచి న్యూయార్క్‌లోనూ దాన్నే నేర్పాడు. చైనీయులు కానివాళ్ళకి నేర్పడం చైనాటౌన్ పెద్దల్లో కొందరికి నచ్చలేదు. ఆయన లెక్కచేయలేదు. అమెరికాలో తైచీ పాతుకోవడానికి ఆ పొట్టి వరస చేసినంత మేలు ఏ పొడుగు వరసా చేయలేదు.

యుద్ధవిద్యతో దేశాన్ని బలపరచాలన్న ఈ ఆలోచనని మొదట్లోనే ఎద్దేవా చేసినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. 1918లో రచయిత లు షున్ పాత పిడికిలి విద్యల్ని దేశానికి మందుగా అమ్మడం మీద చురక వేశాడు. జింగ్‌వు సంఘం వైపునుంచి చెన్ టియెషెంగ్ జవాబిచ్చాడు. లు షున్ భయంలో న్యాయం ఉంది. 1900లో మూఢనమ్మకంతో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళ గాయం ఇంకా పచ్చిగానే ఉంది. దానికి సంస్కర్తల నుంచి వచ్చిన జవాబు తైచీని ఇంకా ఎక్కువ వ్యాయామంగా మార్చడమే. 1928లో నాన్‌జింగ్‌లో జాతీయ యుద్ధవిద్యల సంస్థ వచ్చింది. మొదట్లో దాన్ని షావోలిన్, వుడాంగ్ అని రెండు శాఖలుగా విడదీశారు. రెండు శాఖలవాళ్ళూ తగవులాడుకోవడంతో ఆ విభజన ఎత్తేయవలసివచ్చింది. ఫ్రాన్సులో వైద్యం చదివొచ్చిన రాజకీయ నాయకుడు చు మిన్‌యి 1930లలో తైచీని బడి డ్రిల్లులా కుదించి 'తైచీ కసరత్తు' తయారుచేశాడు. తర్వాత ఆయన జపాన్‌తో చేతులు కలిపిన ప్రభుత్వంలో చేరి 1946లో మరణశిక్ష పొందాడు. అందుకే కాబోలు తైచీ చరిత్రలు ఆయన్ని మరిచిపోయినట్టు నటిస్తాయి. సులువు చేయాలన్న ఆలోచన కమ్యూనిస్టులదేనన్న మాట తప్పని చెప్పడానికి మాత్రం ఆ పేరు గుర్తుపెట్టుకోక తప్పదు.

నీళ్ళు కలిపారన్న ఆరోపణకి ఇక్కడే జవాబు చెప్పాలి. పోరాటం పోయాక మిగిలింది పొల్లే అంటారు కొందరు. 1954 జనవరిలో మకావులో ఒక పోటీ జరిగింది. వు జియాన్‌చువాన్ పెద్దకొడుకు వు గోంగ్‌యి తైచీ పక్షాన, తెల్లకొంగ విద్యకి చెందిన చాన్ హక్‌ఫు ఆయనకి ఎదురుగా నిలిచారు. హాంగ్‌కాంగ్ మురికివాడలో ఇళ్ళు కాలిపోయినవాళ్ళ కోసం విరాళాల పోటీ అది. నెత్తురు కారింది, రెండు రౌండ్లకి ఆపేశారు, గెలుపూ లేదు ఓటమీ లేదన్నారు. ఆ ఫిల్ము ఇప్పటికీ ఉంది. చూసినవాడికి ఇద్దరు మామూలు మనుషులు చేతులు విసురుకున్నట్టు ఉంటుంది. వింత ఏమిటంటే, పోటీ ముగిసిన కొద్ది రోజుల్లోనే హాంగ్‌కాంగ్ పత్రికలో లియాంగ్ యూషెంగ్ వీరగాథా సీరియల్ మొదలైంది. కొత్తతరం చైనా సాహస నవలలన్నీ ఆ ఊపులోంచే పుట్టుకొచ్చాయి. అసలు పోరు అంత పేలవంగా ఉంటే, కల్పనలో తైచీ వీరులు గాల్లో ఎగిరారు. నిఖార్సయిన పోరాట విద్యని వదులుకున్నామని బాధపడేవాళ్ళ ఊహలోని తైచీలో పాలెక్కువ ఆ నవలలదీ, వాటి ఆధారంగా తీసిన సినిమాలదీ. తుపాకి వచ్చాక పోరు అక్కర తీరిపోయిన విద్య బతకాలంటే ఇంకో పని వెతుక్కోక తప్పదు. మన కర్రసాము ఇవాళ ఎక్కువగా ఊరేగింపుల్లోనే మిగిలింది. తైచీకి ఆ గతి పట్టకపోవడానికి కారణం ఒంట్లో బాగాలేనివాడు దాన్ని అందుకోవడం.

మకావు పోటీ జరిగిన రెండేళ్ళకి, 1956లో, చైనా ప్రభుత్వ క్రీడా సంఘం ఇరవై నాలుగు భంగిమల సరళ తైచీని అచ్చువేసింది. రేడియో పెట్టి దేశమంతా ఒకేసారి చేసే కసరత్తు 1951లో వచ్చింది. దేహాన్ని బలపరచండన్న మావో నినాదం 1952లో వచ్చింది. సరళ తైచీ ఆ వరుసలోదే. లి టియాన్‌జి ముఖ్యపాత్ర వహించిన ఆ వరస ఐదారు నిమిషాల్లో అయిపోతుంది. దీన్ని పాతదాంట్లోంచి కోసిన ముక్కగా చూస్తే దానిలోని పనితనం కనబడదు. యాంగ్ ఇంటి పొడుగు వరసలో మొదలుపెట్టగానే 'పిచ్చుక తోక పట్టడం' వస్తుంది. అడ్డుకోవడం, వెనక్కి లాగడం, నొక్కడం, తోయడం అన్నీ ఒకదానిలోంచి ఒకటి వచ్చే చిక్కు కదలిక అది. కొత్తవాడు అక్కడే కాళ్ళు చిక్కుపడి ఆగిపోతాడు. 1956 వాళ్ళు దాన్ని తీసి ఏడో చోటా ఎనిమిదో చోటా పెట్టారు. ముందు 'అడవి గుర్రం జూలు పాయలు తీయడం' లాంటి తేలిక నడకలు మూడేసిసార్లు చేయించి, బరువుని ఒక కాలినుంచి ఇంకో కాలికి మార్చడం అలవాటు చేశాక చిక్కు కదలిక దగ్గరికి తెస్తారు. తన్నులు, కిందికి పాకి ఒంటికాలి మీద నిలబడడం సగం దాటాక వస్తాయి. పాత వరసలో కుడివైపే ఉండే పిచ్చుక తోకని ఇక్కడ ఎడమవైపు కూడా చేయించారు. ఒళ్ళు రెండువైపులా సమంగా పనిచేయాలన్న వ్యాయామ దృష్టి అది, పోరుకి దాంతో పనిలేదు. దీన్ని బట్టి చూస్తే ఒక పాఠ్యపుస్తకం రాసినవాళ్ళ బుద్ధి ఆ కమిటీలో పనిచేసిందని అర్థమవుతుంది. ఇదంతా కార్ఖానాలో పని ఎక్కువ రాబట్టడానికి ప్రభుత్వం పన్నిన పథకం అనవచ్చు. కొంత నిజమే. అదే ప్రభుత్వ హయాంలో పదేళ్ళ తర్వాత సాంస్కృతిక విప్లవం పేరుతో పాత గురువులెందరో వేధింపులు పడ్డారన్నదీ నిజం. అయితే 1980ల తర్వాత చెన్ పల్లె గురువులు ఏం చేశారు? అసలుదనానికి ఆనవాలుగా అందరూ చూపించే ఆ ఊరినుంచే చెన్ షియావ్‌వాంగ్ ముప్ఫై ఎనిమిది భంగిమల వరసనీ, చెన్ ఝెంగ్‌లెయ్ పద్ధెనిమిది భంగిమల వరసనీ కూర్చారు. ఏ కమిటీ బలవంతమూ లేదు. బయటినుంచి వచ్చే కొత్తవాళ్ళే కారణం.

ఇక మిగిలింది అన్నిటికన్నా సూటి అభ్యంతరం. అంత నిదానంగా చేతులు ఊపితే ఒళ్ళు బాగుపడుతుందా? లెక్క చూస్తే తైచీ చేసేటప్పుడు ఒళ్ళు ఖర్చుపెట్టే శక్తి ఊరికే కూర్చున్నప్పటికి సుమారు మూడు రెట్లు, మామూలు నడకతో సమానం. బరువు తగ్గడానికి దీన్ని నమ్ముకున్నవాడు నిరాశపడతాడు. చేతుల కండలు పెరగవు. పాతికేళ్ళవాడి గుండెకి ఇది చాలదు. కానీ బరువు ఒకే కాలి మీద నిలిపి, మోకాలు కొద్దిగా వంచి, నిమిషాల తరబడి నెమ్మదిగా దిశ మార్చడమన్నది తొడలకీ మడమలకీ తూకానికీ పెట్టే పరీక్ష. వేగంగా కదిలేవాడు ఊపుతో తప్పు కప్పుకోగలడు, నెమ్మదిగా కదిలేవాడికి ఆ వీలు లేదు. 1996లో అమెరికాలోని అట్లాంటాలో డెబ్భై దాటిన 200 మంది మీద చేసిన అధ్యయనంలో, పదిహేను వారాలు తైచీ నేర్చుకున్నవాళ్ళు పదేపదే పడిపోయే ముప్పు 47.5 శాతం తగ్గింది. వాళ్ళకి నేర్పింది 108 భంగిమల వరసలోంచి ఏరిన పది. 2012లో పార్కిన్సన్స్ ఉన్న 195 మంది మీద ఆరెగాన్‌లో చేసిన అధ్యయనంలో, వారానికి రెండు గంటలు, ఇరవై నాలుగు వారాలు తైచీ చేసినవాళ్ళ నిలకడ, బరువులెత్తే కసరత్తూ సాగదీసే కసరత్తూ చేసినవాళ్ళకన్నా మెరుగైంది. 2019లో చాలా అధ్యయనాల్ని కలిపి తూచిన కోక్రేన్ సమీక్ష కొంచెం తగ్గించి చెప్పింది. తైచీతో పడిపోవడాలు అయిదో వంతు దాకా తగ్గవచ్చంది, ఖాయం అనలేదు. ఈ అంకెలు తైచీ అద్భుతమని చెప్పవు. కొత్తవాడి కోసం కుదించిన రూపమే, పాతదాని ఊసు లేకుండానే, ఒంటి మీద పనిచేస్తుందని మాత్రం చెబుతాయి. అట్లాంటా, ఆరెగాన్ అధ్యయనాల్లో తూచింది పొట్టి వరసల్నే. లోతుగా కూర్చోవడమే అసలు తైచీ అని నమ్మి మొదటివారంలోనే కిందికి దిగి మోకాళ్ళు నొప్పి చేసుకునేవాళ్ళ గురించి ఏ గురువునడిగినా చెబుతాడు. పాత కథ వాళ్ళ మీద వేసిన భారం అది.

1997లో ఆస్ట్రేలియాలో డాక్టర్ పాల్ లామ్ కీళ్ళవాతం ఉన్నవాళ్ళ కోసం పన్నెండు కదలికల తైచీ తయారుచేసినప్పుడు దానికి ఆధారంగా సున్ లుటాంగ్ వరసని ఎంచుకున్నాడు. అందులో మోకాళ్ళు ఎక్కువ వంచక్కర్లేదు, ఒక కాలు ముందుకు వేస్తే రెండోది దాని వెంటే వచ్చి చేరుతుంది, ఒంటి బరువు ఎక్కడా ఎక్కువసేపు ఇరుక్కోదు. ఆ వరస పుట్టిన తీరు కూడా తెలిసిందే. రెండు వేరే విద్యల్లో అప్పటికే పేరు మోసిన సున్ లుటాంగ్, 1910ల తొలి సంవత్సరాల్లో బీజింగ్‌లో జబ్బుపడ్డ హావ్ వెయ్‌ఝెన్ అనే తైచీ గురువుని ఇంటికి తెచ్చి సేవ చేశాడు. కోలుకున్న గురువు బదులుగా తన విద్య నేర్పాడు. అప్పటికి సున్ లుటాంగ్‌కి యాభై దాటాయి. తైచీకి ఆయన కొత్తవాడు.